పింఛను ఇంటికి.. వైద్యం ఎన్నటికి?

మంచం పట్టిన వృద్ధుల విషయంలో నగదుతోనే సర్కారు బాధ్యత తీరదు

నంద్యాల, ఆళ్లగడ్డ: నెల మొదటి తేదీ తెల్లవారుతూనే సచివాలయ సిబ్బంది నంద్యాల వార్డుల్లోనూ, ఆళ్లగడ్డ పరిసర పల్లెల్లోనూ గడప గడపకూ వెళ్లి వృద్ధుల చేతిలో రూ.4 వేలు పెడుతున్నారు. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛనుకు శ్రీకారం చుట్టినప్పుడు ఇచ్చింది రూ.75 మాత్రమే. రాష్ట్రంలో 2014లో వెయ్యి, 2019 జనవరిలో రూ.2 వేలు, 2024 జనవరిలో రూ.3 వేలు, అదే ఏడాది జులైలో రూ.4 వేలకు చేరింది. కేంద్రం వాటా మాత్రం 80 ఏళ్ల లోపువారికి రూ.200, ఆపై వయసువారికి రూ.500 వద్దే నిలిచిపోయింది.

2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశాలతో వలంటీర్లు పంపిణీకి దూరమైనప్పుడు ముసలివారు మండుటెండలో సచివాలయాల ముందు పడిగాపులు కాశారు. ఇంటివద్ద అందే సేవ విలువ అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

నగదు సరే.. నర్సు ఏదీ?

బతుకుతెరువు కోసం పిల్లలు హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన ఇళ్లలో మంచం పట్టిన తల్లికి వృద్ధుడైన తండ్రే దిక్కు. వీపున పుండ్లు కడగడం, మూత్రపు గొట్టం మార్చడం, క్యాన్సర్ నొప్పిని తగ్గించడం పింఛను సొమ్ముతో జరిగే పనులు కావు. నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అయితే కదలలేని మనిషిని ఆళ్లగడ్డ నుంచి సుమారు 40 కిలోమీటర్లు తరలించడమే ఒక శిక్ష.

తీవ్ర నొప్పికి వాడే మార్ఫిన్‌పై ఆంక్షలను పార్లమెంటు 2014లోనే సడలించింది. ఆ మందు రోగికి అందాలంటే గుర్తింపు పొందిన ఆస్పత్రి, శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలి. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను రోగుల ఇళ్లకు పంపుతోంది.

చట్టం ఏమంటోంది?

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం పిల్లలు ఆదరించకుంటే ఆర్డీవో ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. పోషిస్తామని నమ్మబలికి ఆస్తి రాయించుకున్నవారి దానపత్రాలను రద్దు చేసే వీలూ ఉంది. జిల్లాకు ఒక వృద్ధాశ్రమం ఉండాలన్నది ఆ చట్టం ఆశయం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాగా ఏర్పడింది. ట్రైబ్యునల్‌కు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని పరిష్కారమయ్యాయో యంత్రాంగం ఏటా వెల్లడిస్తే ప్రజల్లో భరోసా కలుగుతుంది. చట్టం ఉందన్న సంగతే తెలియని పల్లెలకు 14567 సహాయవాణిని పరిచయం చేయడమూ అవసరమే.

దారి ఉంది

పూర్తిగా మంచానికే పరిమితమైన దివ్యాంగులకు ప్రభుత్వం రూ.15 వేలు ఇస్తోంది. వారి అర్హత తేల్చేందుకు 2025 జనవరిలో వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. తనిఖీకి వెళ్లిన వైద్యుడు చికిత్సకు ఎందుకు వెళ్లకూడదు? పింఛనుదారుల జాబితా సచివాలయంలో సిద్ధంగా ఉంది. మంచం పట్టినవారిని అందులోనే గుర్తించి, వారానికొకసారి నర్సును పంపితే చాలామందికి చివరి రోజులు నొప్పి లేకుండా గడుస్తాయి.