తాత చెప్పిన కథ ఎవరి చేతిలో ఉండాలి?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమెరికా తూర్పు వైపు అపలాచియన్ కొండలున్నాయి. ఆ కొండల్లో, జార్జియా రాష్ట్రం ఈశాన్య మూలన రేబన్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ ఎక్కువమంది తెల్లోళ్లే, అప్పట్లో చాలావరకు పేదోళ్లు. పట్నం వాళ్లకి వీళ్లంటే చులకన: కొండోళ్లు, మొరటోళ్లు అని. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టే ఉంది కదా?

1966లో అక్కడి హైస్కూల్‌కి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచర్ పాఠం ఎవడూ వినలేదు. ఒకడైతే ఆయన నిలబడి చెప్పే బల్లకే నిప్పు పెట్టాడు. చివరికి అందరూ కలిసి ఒక పత్రిక పెట్టుకున్నారు. పేరు ఫాక్స్‌ఫైర్. అడవిలో కుళ్లిన కట్టె మీద రాత్రిపూట మెరిసే బూజుని అక్కడ అలా అంటారు. పిల్లలు టేప్ రికార్డర్ పట్టుకుని ముసలోళ్ల దగ్గరికి పోయారు. రిటైరైన షెరీఫ్ ఊళ్లో బ్యాంకు దోపిడీ కథ చెప్పాడు. దుంగల ఇల్లు ఎలా కట్టాలి, పందిని ఎలా కోయాలి, దొంగసారా ఎలా కాయాలి, అన్నీ రాసుకున్నారు. ఆంట్ ఆరీ అనే అవ్వ ఇంటికి పోయేసరికి ఆమె పంది తలకాయలోంచి కళ్లు తీయలేక తిప్పలు పడుతోంది. పిల్లలు ఆ పనిలో చెయ్యి వేశారు. కబుర్లు పని చేస్తూనే నడిచాయి. నాకు బాగా నచ్చింది ఇదే. ఇంకోటి, అవ్వ యాసని దిద్దకుండా ఆమె మాట్లాడినట్టే అచ్చు వేశారు.

1972లో అవన్నీ పుస్తకంగా వచ్చి లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అదే ఏడాది, అదే కౌంటీలో తీసిన డెలివరెన్స్ సినిమా కూడా వచ్చింది. అందులో కొండోళ్లంటే క్రూరులు, బుద్ధి ఎదగనోళ్లు. బ్యాంజో వాయించే పిల్లోడు అక్కడివాడే, కానీ వాడికి వాయించడం రాదు, వెనక దాక్కుని చెయ్యి పెట్టింది వేరొకరు. ఒకే నేల మీద రెండు కథలు. ఒకటి బయటోళ్లు చెప్పింది, ఒకటి ఆ ఊరి పిల్లలు రాసింది.

పుస్తకం డబ్బుతో 1974లో అక్కడే కొండ మీద భూమి కొని, పాత దుంగల ఇళ్లు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడది మ్యూజియం. ఆ టీచర్ మాత్రం ఒక పిల్లాడి మీద లైంగిక నేరం ఒప్పుకుని 1992లో శిక్ష పడ్డవాడు. అందుకే ఆయన పేరు రాయట్లేదు. పని చేసింది పిల్లలు.

ఇంతవరకు మెచ్చుకున్నా. కానీ ఆదివాసీగా ఒక ప్రశ్న అడగకుండా ఉండలేను. ఆ "పాత కాలం" ఎప్పుడు మొదలైంది? రేబన్ కౌంటీ పుట్టింది 1819లో, చెరోకీల దగ్గర ఒప్పందం పేరుతో తీసుకున్న నేల మీద. 1838లో సైన్యం పెట్టి చెరోకీలను పడమటికి తోలేశారు, దారిలో వేలమంది పోయారు. చట్టూగా, టలూలా అనే పేర్లు మాత్రం నదులకి మిగిలాయి.

కొండల్లోనే దాక్కుని మిగిలిపోయిన చెరోకీలు పక్కనే నార్త్ కరోలినాలో ఉన్నారు. వాళ్లలో స్విమ్మర్ అనే పెద్దాయన మంత్రాలు, మందులు తమ సొంత లిపిలోనే నోటుబుక్కులో రాసుకున్నాడు. 1880లలో జేమ్స్ మూనీ అనే ప్రభుత్వ పరిశోధకుడు వచ్చి డబ్బిచ్చి ఆ పుస్తకం తీసుకుపోయాడు. మూనీ రాయబట్టే చాలా కథలు మిగిలాయి, ఒప్పుకుంటా. అయినా నోటుబుక్కు వాషింగ్టన్‌కి పోయింది, ఊరికి కాదు.

మన ఊళ్లకీ రికార్డు చేసుకోడానికి వస్తున్నారు. రానివ్వండి. ముందు మనం చేద్దాం. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క తాతనో అవ్వనో కూర్చోబెట్టి, కోయలో అయితే కోయలో, గోండిలో అయితే గోండిలో, ఫోన్లో రికార్డు చేద్దాం. తెలుగులోకి మార్చడం తర్వాత సంగతి. పూజల మాటల్లాంటివి బయట పెట్టొచ్చో లేదో ఆ పెద్దోళ్లనే అడగాలి. ఆ ఆడియోలన్నీ ఎక్కడ దాచాలి, తాళం ఎవరి దగ్గరుండాలి, ఇది మాత్రం మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. కామెంట్లో చెప్పండి.