ఎవరి సొమ్ము? ఎవరి వకీలు?

సికింద్రాబాదు జనరల్ బజారులో ఒక వర్తకుడు బిడ్డల పోషణమునకై కొంత ఆస్తిని ట్రస్టు చేసి, నమ్మిన మిత్రుని ట్రస్టీగా నియమించి కాలము చేసెననుకొందము. ఆస్తి ఫలము బిడ్డలది; పెత్తనము మిత్రునిది. వివాదము పుట్టిననాడు ఆ మిత్రుని ప్రక్కన కోర్టులో నిలుచు వకీలు ఎవరివాడు? బిడ్డల సొమ్ముతో ఫీజు పుచ్చుకొనెను గావున బిడ్డలవాడేయని అమాయకులు నమ్ముదురు. కాడు. ఆతడు ట్రస్టీ వకీలు. బిడ్డలకు వకీలే లేడు!

1882 నాటి ట్రస్టుల చట్టము 32వ సెక్షను, సక్రమముగా చేసిన ఖర్చును ట్రస్టీ ఆ ఆస్తినుండియే రాబట్టుకొనవచ్చు ననుచున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 31వ ఆర్డరు, అన్యులతో వ్యాజ్యమున ట్రస్టీయే లబ్ధిదారులకు ప్రతినిధి యనియు, వారిని సాధారణముగా పార్టీలుగా చేర్చనక్కరలేదనియు విధించినది. "సక్రమముగా" అను మాట కలదు, నిజమే. కాని ఆ ఖర్చు అక్రమమని రుజువు చేయుటకు బిడ్డలు తమ చేతి డబ్బుతో వేఱొక వకీలును పెట్టుకొనవలెను. ఇరుపక్షముల ఫీజును ఒక్క పక్షమే భరించు ఈ వ్యవహారమును న్యాయమందురా?

ఘనుల గతి చూడుడు. 1948 సెప్టెంబరులో లండను బ్యాంకులోని నిజాము ధనము 10,07,940 పౌనుల 9 షిల్లింగులు పాకిస్తాను హైకమిషనరు పేరునకు మారెను. ఆ సొమ్ము ట్రస్టుగా అప్పగింపబడినదే యని నిజాము పక్షము వాదించెను. పరరాజ్యముపై వ్యాజ్యము చెల్లదని 1957లో ఇంగ్లండు ప్రభువుల సభ త్రోసివేసెను. 2013లో పాకిస్తానే కోర్టు కెక్కిన పిమ్మటగాని ఆ అడ్డు తొలగలేదు. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు, ధనము ఏడవ నిజామునకు చెందినదే యనియు, ఆయన ద్వారా హక్కు పొందిన భారతదేశమునకును మనుమ లిరువురకును ముట్టవలెననియు తీర్పు చెప్పెను. అప్పటికది సుమారు 3 కోట్ల 50 లక్షల పౌనులు. తమకును వాటా కలదని వంశీయులు మఱికొందరు రాగా, 2020లో న్యాయమూర్తి అంగీకరింపలేదు. రాజవంశీయులకే ఇంత పట్టినది. దుకాణదారుని విధవ కెన్నాళ్లు పట్టవలెను?

చట్టము బొత్తిగా గ్రుడ్డిది కాదు. 57వ సెక్షను ప్రకారము ట్రస్టు పత్రమును, లెక్కలను, రసీదులను, తన కర్తవ్య నిర్వహణమునకై ట్రస్టీ తీసికొన్న న్యాయాభిప్రాయములను సైతము లబ్ధిదారు చూచి నకలు వ్రాసికొనవచ్చును. ఈ చివరి హక్కు నెఱిగినవారు మా వృత్తిలోనే ఎందరు? దేవాలయములు, సత్రముల సంగతి వేఱు. 

ప్రతి లబ్ధిదారుడును వకీలుతో వచ్చిన ఆస్తి ఫీజులలో కరగిపోవునని కొందరి ఆక్షేపణ. ట్రస్టీలు పెక్కురు నిజాయితీపరులే. వారికి లెక్క చూపుటలో కష్టమేమి? లబ్ధిదారులందరు కలిసి ఒక్క వకీలును పెట్టుకొనిన చాలును. మేము కోరునది స్వల్పము. ట్రస్టీ స్వలాభమునకును లబ్ధిదారుల మేలునకును వైరుధ్యము కనబడినచోట, 31వ ఆర్డరే ఇచ్చిన అధికారముతో కోర్టు వారిని పార్టీలుగా చేర్చి, వారి వకీలు ఫీజును ఆస్తినుండి ఇప్పింపవలెను. ట్రస్టు సొమ్ముతో అభిప్రాయము వ్రాసియిచ్చిన వకీలు, పిదప ఆ లబ్ధిదారులపైననే వకాల్తా పుచ్చుకొనరాదు. ఈ రెంటిని తీర్మానములుగా చేసి తమ న్యాయమూర్తులకు పంపవలసినదిగా జంటనగరముల న్యాయవాద సంఘములను కోరుచున్నాము.