పిల్లి మూత్రానికి వంటింటి వైద్యమా?

పెంపుడు పిల్లి ఇసుక తొట్టెను విడిచి పరుపులపై, బట్టల మూటలపై మూత్రం పోస్తున్నది, చిట్కా ఏదైనా చెప్పండి అని తిరువూరులో నన్ను అడిగేవారు ఇటీవల ఎక్కువయ్యారు. పెంకుటిళ్ళు, పెరళ్ళు ఉన్నంతకాలం ఈ ప్రశ్న అంతగా వినబడలేదు. పిల్లి ఎక్కడో మన్ను తవ్వుకొని, పని ముగించి, కాలితో కప్పివేసి వచ్చేది. నేడు దానిని నాలుగు గోడల నడుమ బండల నేలపై పెంచుతూ, పొగరుబట్టి తడుపుతున్నదని నిందిస్తున్నాము. కొందరు దాని ముక్కును ఆ తడిలో రుద్ది బుద్ధి చెబుతారు. దానివల్ల పిల్లికి అలవడేది భయం మాత్రమే. భయపడిన పిల్లి మరిన్ని చోట్ల తడుపుతుంది.

గృహవైద్యాన్ని నమ్మి ఆచరించేవాడినే అయినా, ఈ విషయంలో చిట్కాకు ముందు రోగనిర్ణయం జరగాలని నా అభిప్రాయం. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. కనుక నీరు తక్కువ తాగడం, మూత్రం చిక్కగా ఉండడం దాని ప్రకృతి. మన వేసవిలో, పొడి ఆహారం మాత్రమే పెట్టే ఇళ్ళలో, ఆ చిక్కదనం ఇంకా పెరుగుతుంది. మూత్రాశయంలో మంట ఉన్న పిల్లి తొట్టెలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పడి, ఆ నొప్పిని తొట్టెకే ముడిపెట్టి, మెత్తని చోటు వెదుక్కుంటుంది. వయసు మీరని పిల్లులలో ఈ మంటకు చాలావరకు కారణం సూక్ష్మక్రిములు కావు. ఇల్లు మారడం, కొత్త జంతువు రావడం వంటి కలతలు దీనిని రేపుతాయి. దుకాణంలో యాంటీబయాటిక్ కొని వేయడం అందుకే వ్యర్థం.

మగపిల్లి మాటిమాటికీ కూర్చొని, ముక్కుతూ, అరుస్తూ, ఒక్క చుక్కైనా పోయలేకపోతే అది మలబద్ధకమని పొరబడరాదు. దాని మూత్రనాళం మిక్కిలి సన్నన. స్ఫటికాలు అడ్డుపడితే రెండు మూడు రోజులలో ప్రాణం పోతుంది. మనుషుల అశ్మరికి నేను పల్లేరు కషాయం, కొండపిండి ఆకు రసం సూచిస్తూనే ఉంటాను. దారి మూసుకుపోయిన పిల్లికి మూత్రం పెంచే కషాయం పోయడమంటే నిండిన కుండలో ఇంకా నీళ్ళు పోయడమే. ఆ పూటే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. నూజివీడు మీదుగా వెళితే గన్నవరంలో 1998లో నెలకొన్న పశువైద్య కళాశాల ఉన్నది.

మరొక ప్రమాదం మన శుభ్రతలోనే ఉన్నది. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మన జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే దాని ప్రాణం తీయగలదు. నేలకు ఫినాయిల్, మూలలకు కలరా ఉండలు, కర్పూరం, నీలగిరి తైలం వాడితే, అది తన పాదాలను నాకినప్పుడు ఆ విషం లోపలికి పోతుంది. వెల్లుల్లి దాని రక్తకణాలను చెడగొడుతుంది. గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు వేరువేరుగా వైద్యం చెప్పారని మన సంప్రదాయం; మన మందు పిల్లికీ సరిపోతుందనుకోవడం ఏ శాస్త్రం?

ఇంట్లో చేయదగినవి లేకపోలేదు. పిల్లి సుఖంగా తిరగగలిగే వెడల్పాటి టబ్బులో రెండంగుళాల మందాన సన్నని ఇసుక పోసి, తిండికి, సందడికి దూరంగా పెట్టండి. మలినాన్ని ప్రతిదినం తీయండి. రెండు పిల్లులుంటే మూడు టబ్బులు కావాలి. నీటి గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచి, ఆహారం తడిగా పెట్టండి. తడిసిన బట్టను వంటసోడా కలిపిన నీటితో ఉతికి ఎండలో వేయండి. బ్లీచింగ్ పౌడరు వద్దు. మూత్రంతో కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది.

నిలబడి, తోక వణికిస్తూ గోడపై చిమ్మే మగపిల్లి సంగతి వేరు. అది తన హద్దులను చాటుకుంటున్నది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే చాలా పిల్లులలో కొన్ని వారాలకు ఆ అలవాటు తగ్గిపోతుంది.