పుట్టుమచ్చే కదా అని ఊరుకోవద్దు



పసిబిడ్డ ఒంటిమీద ఎర్రమచ్చ కనిపిస్తే మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "గ్రహణం నాడు తల్లి జాగ్రత్తగా లేదు." రెండోది, "పెద్దయ్యాక అదే పోతుందిలే." మొదటిది పూర్తిగా తప్పు. రెండోది సగం నిజం. ఆ సగం నిజమే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ మాట ఒక తల్లికి నేనే చెప్పాను.

నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో, నెలన్నర పాపకు టీకా వేయించడానికి వచ్చిన ఒకామె, పాప పైరెప్ప మీద కందిగింజంత ఎర్రమచ్చ చూపించి, "ఇదేంటి సిస్టర్?" అని అడిగింది. "ఏం ఫరవాలేదమ్మా, అదే పోతుంది" అన్నాను. డాక్టరుగారికి చూపించలేదు. ఆమె పుట్టింటికి వెళ్లి, మళ్లీ తొమ్మిదో నెలలో తట్టు టీకాకు వచ్చింది. అప్పటికి గడ్డ ఉసిరికాయంత అయ్యింది. రెప్ప జారి కంటిపాప మూసుకుపోయింది. కొన్నేళ్లకు గడ్డ నిజంగానే తగ్గింది. కానీ వెలుగు అందని కన్ను చూడడం నేర్చుకోదు. ఆ కంటికి చూపు సరిగా రాలేదు.

ఈ గడ్డను హెమాంజియోమా అంటారు. రక్తనాళాల కణాలు అవసరానికి మించి పెరగడం వల్ల వస్తుంది. ఇది క్యాన్సరు కాదు, అంటుకోదు. నూటికి నలుగురైదుగురు పిల్లల్లో కనిపిస్తుంది. ఆడపిల్లల్లోను, నెలలు నిండకుండా పుట్టినవారిలోను ఎక్కువ. పుట్టిన కొద్ది రోజులకో, వారాలకో బయటపడి, 5 నుంచి 7 వారాల మధ్య చాలా వేగంగా పెరుగుతుంది. చాలామందిలో 5 నెలలకే పెరుగుదల దాదాపు పూర్తవుతుంది. ఏడాది తర్వాత మెల్లగా తగ్గుతుంది. పుట్టుకతోనే ఉండి, ఉబ్బకుండా చదునుగా ఉండే ముదురు ఎరుపు మచ్చ వేరు. అది తనంతట పోదు. రెండింటికీ తేడా డాక్టరు చాలావరకు చూసే చెప్పగలరు. లోతుగా ఉంటే స్కానింగ్ చేస్తారు. ముక్క కోసి పరీక్షకు పంపడం అరుదు.

వీపు మీదో, చేతి మీదో ఉన్న చిన్న మచ్చకు చాలాసార్లు మందే అక్కరలేదు. కానీ కన్ను, ముక్కు, పెదవి, గడ్డం, మొలభాగం, నడుము కింద ఉన్నా, ముఖం మీద పెద్దదిగా ఉన్నా, ఒంటిమీద అయిదు, అంతకు మించి ఉన్నా, పుండు పడినా వెంటనే చూపించాలి. గడ్డం దగ్గరున్న పాపకు ఊపిరి గురగురమంటే ఒక్క పూట కూడా ఆగవద్దు.

ఇప్పుడు మంచి మందు ఉంది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో, గుండె జబ్బుకు ప్రొప్రనొలాల్ ఇచ్చిన ఒక బిడ్డ ముక్కు మీది గడ్డ మర్నాటికే మెత్తబడి రంగు మారిందని డాక్టరు క్రిస్టీన్ లియోటే-లబ్రెజ్, ఆమె సహచరులు ప్రకటించారు. నేడు ప్రమాదకరమైన గడ్డలకు మొదటి మందు అదే. సాధారణంగా 6 నెలలకు తక్కువ కాకుండా వాడతారు. అయితే ఇది షాపులో కొని వేసే మందు కాదు. రక్తంలో చక్కెర పడిపోవచ్చు, గుండె వేగం తగ్గవచ్చు. అందుకే పాలు పట్టిన వెంటనే ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులైనా, ఆయాసపడినా ఆ డోసు ఆపి డాక్టరును అడగాలి.

నా మనవి ఇది. మచ్చకు సున్నం, పసరు రాయవద్దు, వాతలు పెట్టవద్దు. నెత్తురు కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టి ఆసుపత్రికి రండి. టీకా రోజు దాకా ఆగకుండా నెల లోపే చూపించండి. వారం వారం ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచితే పెరుగుదల మాకు తెలుస్తుంది. మా నర్సులకు నేను చెప్పేదీ ఇదే: బిడ్డ బట్టలు విప్పి చూడండి. "అదే పోతుంది" అనే మాట డాక్టరు చూశాకే చెప్పండి.

ఇక కోడలిని నిందించే అత్తలకు ఒక్క మాట. ఆమె ఏ తప్పూ చేయలేదు. నిందించే ఆ సమయంలో బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి రండి.