బోరుబండి లెక్క, వెబ్‌సైటు లెక్క

మొన్న పండక్కి అనంతపురం వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు ల్యాప్‌టాప్ ముందేసుకుని నిద్రమొహంతో కూర్చునున్నాడు. బీటెక్ అయ్యాక బెంగళూరు రానని మొండికేసి, ఇంట్లోనే ఉండి వెబ్‌సైట్లు చేస్తున్నాడు. ప్రస్తుతం ఒక పట్టుచీరల దుకాణానికి చేస్తున్నాడట.

"ఎంతకు ఒప్పుకున్నావురా?"

"12 వేలకన్నా. ఆయప్ప ఫోన్లో ఎంతప్పా అంటే నోటికొచ్చింది చెప్పేసినా."

మొదట నాలుగు పేజీలే అన్నారు. తర్వాత చీరల ఫోటోలన్నీ పెట్టమన్నారు. ఆ తర్వాత ఆన్‌లైన్ పేమెంటు కావాలన్నారు. అంతా అయ్యాక అల్లుడుగారొచ్చి రంగు బాలేదన్నారు. డొమైన్, హోస్టింగ్ ఖర్చు 3,500 వీడి జేబులోంచే. ఇద్దరం కూర్చుని లెక్కేస్తే ఇప్పటికి 140 గంటలు పని చేశాడు. మిగిలిన 8,500ని 140తో భాగిస్తే గంటకు 60 రూపాయలు! మా వీధి చివర గోడ కడుతున్న మేస్త్రీకి ఇంతకంటే ఎక్కువే గిడుతుంది.

"అయితే గంటకింత అని తీసుకో" అని సలహా ఇవ్వడం తేలికే. మనం ఆఫీసుల్లో టైమ్ అండ్ మెటీరియల్ అంటామే, అదే. కానీ మా జిల్లాలో ఆ పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. దాని పేరు బోరుబండి. అడుగుకింత, లోతు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది, కేసింగ్ పైపు వేరే. నీళ్ళు పడినా, దుమ్మే లేచినా డబ్బు కట్టాల్సిందే. బండివాడిది తప్పని కాదు, వాడి డీజిలు వాడు తగలేశాడు. కానీ రిస్కంతా రైతుదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో ఇలా బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్ళు ఎన్నో. అందుకే మా ఊరి దుకాణదారుకి "గంటకు ఇంత, ఎన్ని గంటలవుతుందో తెలీదు" అని చెప్తే ఆయనకు బోరుబండే గుర్తొస్తుంది. భయపడ్డంలో న్యాయముంది.

మావాడు చేసింది దీనికి తిరగేసిన పని. ఎంత లోతైనా 12 వేలే అన్నాడు. అప్పుడు రిస్కంతా వాడిదే.

మధ్యేమార్గం కూడా మా దగ్గరే ఉంది. ధర్మవరం మగ్గాలు చూడండి. కూలి నేత చీరకింత అని ఉంటుంది. అది ఎందుకు కుదురుతుందంటే నేత మొదలుకాకముందే డిజైను ఖాయమైపోతుంది కాబట్టి. జకార్డు అట్టలకు చిల్లులు పడ్డాక "ఆ నెమలి స్థానంలో హంస పెట్టు" అంటే కొత్త అట్టలు కొట్టాలి, దానికి వేరే డబ్బు. ఆ సంగతి అడిగేవాడికీ తెలుసు. ఫిక్స్‌డ్ ప్రైస్ అంటే అదీ. ధర కన్నా ముందు డిజైను ఫిక్స్ అవ్వాలి.

కాబట్టి వాడికి నేను చెప్పింది ఇదీ. ముందు నీ గంట ధర నువ్వు తెలుసుకో. నెలకు 40,000 మిగలాలి, నెట్టు, కరెంటు, ల్యాప్‌టాప్ అరుగుదల వగైరా ఓ 10,000 అనుకో. నెలలో 200 గంటలు కూర్చున్నా సగం ఫోన్లకీ, తిరుగుళ్ళకీ పోతాయి. 50,000ని 100తో భాగిస్తే గంటకు 500. ఇది నీ మనసులో ఉంచుకో, పార్టీకి చెప్పక్కర్లేదు. 40 గంటల పనైతే 20,000 అని చెప్పు. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఫోటోలు ఎవరిస్తారు, అన్నీ ఒక కాగితం మీద రాయి. మూడోవంతు అడ్వాన్సు, డిజైను ఓకే అయ్యాక మూడోవంతు, సైటు ఎక్కించేముందు మిగతాది. డొమైన్ వాళ్ళ పేరు మీదే, వాళ్ళ డబ్బుతోనే కొనిపించు. ఏడాది తర్వాత రెన్యువల్ గొడవ నీ నెత్తి మీదికి రాదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. ఉద్యమ్ పోర్టల్లో ఉచితంగా నమోదు చేసుకుంటే ఫ్రీలాన్సరు కూడా సూక్ష్మ సంస్థ కిందికొస్తాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం గడువు రాసుకుంటే ఆ లోపు, అదీ 45 రోజులు దాటకుండా, డబ్బు ఇవ్వాలి. ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. నిజమే, 12 వేల కోసం ఎవరూ కేసు వెయ్యరు. కానీ బిల్లు కింద ఆ ఒక్క వాక్యం ఉంటే ఫోను ఎత్తడం మొదలుపెడతారు.

ఇంత చెప్పాక వాడు తర్వాతి పార్టీకి 20,000 అని కాగితం రాసిచ్చాడు. ఆయన ఇంకొకడితో 7 వేలకు చేయించుకున్నాడు :-( "చూసినావా అన్నా" అన్నాడు. పోనీరా, ఆ 7 వేల పని నీకు రాలేదు సరే, కానీ ఆ రెండు నెలల నిద్ర నీకు మిగిలింది కదా అన్నాను. వాడికి పూర్తిగా నచ్చినట్టు లేదు. నాకూ వాణ్ణి బెంగళూరు రమ్మనడం ఇష్టం లేదు.

చివరిగా మన మాట. అమెరికా క్లయింటు బటన్ రంగు మార్చమంటే మనం చేంజ్ రిక్వెస్టు వేసి బిల్లు పంపిస్తాం. అదే మన మామయ్యకు సైటు కావాలంటే "వర్డ్‌ప్రెస్సే కదా మామా, ఫ్రీ, ఎవడో కుర్రాడు 5 వేలకు చేసిపెడతాడు" అనేది కూడా మనమే. నేనూ అన్నాను, రెండుసార్లు. ఆ కుర్రాడు మా చిన్నాన్న కొడుకయ్యేదాకా నాకూ తట్టలేదు.

మీరెన్నిసార్లు అన్నారు?