నీళ్లు మోసేవాళ్లకు లెక్క అడిగే హక్కు లేదా?

'ప్రజల భాగస్వామ్యం లేకుండా కొల్లేరు బతకదు' అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అధికారులు అంటున్నారు, నిధులిచ్చే సంస్థలు అంటున్నాయి, మన స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు కాగితాల్లోనూ ఈ మాట వుంటోంది. నాకు ఈ మాటతో పేచీ లేదు. ఆ ప్రజలెవరన్నదే నా ప్రశ్న.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ వున్న ఈ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాల్వలు నీళ్లు తెస్తాయి. వాటితోపాటే పట్టణాల మురుగూ, పొలాల్లో కొట్టిన మందులూ వచ్చి చేరతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. +10 అడుగుల కాంటూరు దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు పరుచుకునే సరస్సు ఇది. 1999లో +5 కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో అభయారణ్యాన్ని +3కు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దంది. ఇన్ని నిర్ణయాల్లో ఏ ఒక్కదానికైనా లంక గ్రామాల ఆడవాళ్లను కూర్చోబెట్టి అభిప్రాయం అడిగారా?

1970లలో సొసైటీలు పెట్టి సరస్సు భూములిచ్చినప్పుడు 'కుటుంబం' అంటే మగవాడే. ఆ భూములు లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతికి పోయినప్పుడు బేరమాడిందీ మగవాళ్లే. గట్లు తెగాక పని పోయిన కూలీల్లో మాత్రం ఆడవాళ్లు వున్నారు. వాళ్ల పేరున భూమీ లేదు, లీజూ లేదు. కాబట్టి నష్టపోయినట్టు చూపించడానికి కాగితమూ లేదు.

సరస్సు చుట్టూ బతుకుతూ తాగే నీళ్ల కోసం ఎదురుచూడాల్సి రావడం ఎంత అన్యాయం! కొల్లేటి నీళ్లు ఎప్పుడు రంగు మారాయో, ఎప్పుడు వాసనొచ్చాయో, ఏ ఎండాకాలం ఉప్పు తగిలిందో బిందె మోసే మనిషికి తెలుస్తుంది. చేపలు ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని అమ్మే మనిషికి కొర్రమేను, మట్టగిడస ఎప్పటినుంచి తగ్గాయో తెలుస్తుంది. నేను మాట్లాడిన ఆడవాళ్లు ఇదంతా ఏళ్లవారీగా చెప్పారు. దీన్ని మన నివేదికలు 'అనుభవం' అంటాయి. అదే మాట ప్రయోగశాల చెబితే 'సమాచారం' అంటాయి.

'అందుకేగా, మహిళలకు శిక్షణ ఇచ్చి వాళ్లతోనే నీళ్లు పరీక్ష చేయిస్తాం' అని ఈమధ్య కొందరు అంటున్నారు. ఆడవాళ్లు తప్పకుండా చేయగలరు. నలుపు తెలుపు రంగులేసిన పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దించి, ఏ లోతున కనబడకుండా పోతుందో చూస్తే నీరు ఎంత మడ్డిగా వుందో తెలుస్తుంది. కరిగిన ఆక్సిజన్, ఉప్పదనం కొలవడం నేర్చుకోవడానికీ పెద్ద చదువులక్కర్లేదు. అయితే ఆ అంకెలు ఎక్కడికి పోతాయి? ఫలానా డ్రెయిన్ నుంచి విషం వస్తోందని తేలితే దాన్ని ఆపించే అధికారం కొలిచినవాళ్లకు వుంటుందా? అధికారం లేని పర్యవేక్షణ ఇంటి చాకిరీకి మరో చాకిరీ తోడవడమే. దానికి 'సాధికారత' అని పేరు పెడితే కూలి ఇవ్వాల్సిన పని కూడా తప్పుతుంది!

చట్టాలైనా ఏం చెబుతున్నాయి? 2017 చిత్తడినేలల నియమాలు రాష్ట్ర స్థాయి అథారిటీలో మంత్రికీ, కార్యదర్శులకూ, నిపుణులకూ చోటిచ్చాయి. చేపలు పట్టేవాళ్లకు గానీ, ఆడవాళ్లకు గానీ ప్రత్యేకంగా ఒక్క స్థానమూ ఇవ్వలేదు. అంతకు ముందే, 2004 జీవవైవిధ్య నియమాలు స్థానిక కమిటీల్లో నామినేట్ చేసే సభ్యుల్లో మూడోవంతు మహిళలుండాలన్నాయి. అంటే చోటివ్వడం అసాధ్యమేమీ కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దాని ఆక్రమణల గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. ఆ నీళ్లు చివరికి చేరే లంక గ్రామాల గురించి ఎంతమంది మాట్లాడారు?

అందుకే మనం స్పష్టంగా అడగాలి. కొల్లేటి మీద నిర్ణయాలు చేసే ప్రతి కమిటీలో చేపలు అమ్మే ఆడవాళ్లకు, చెరువుల మీద కూలికి పోయే దళిత స్త్రీలకు సగం స్థానాలుండాలి. నీటి పరీక్షల ఫలితాలు తెలుగులో, ప్రతి నెలా, పంచాయతీ గోడ మీద రాయాలి. పరీక్ష చేసే మహిళలకు వేతనమివ్వాలి. వాళ్లు ఫిర్యాదు చేస్తే ఏ అధికారి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ముందే రాసి పెట్టాలి. +5 హద్దు కార్యాలయం పటంలో కాదు, నేల మీద రాళ్లు పాతి అందరికీ కనబడేట్టు చూపించాలి. చెరువులు పోతే ఉపాధి పోయేవాళ్ల జాబితాలో ఆడకూలీల పేర్లు విడిగా వుండాలి.

సరస్సు ముఖ్యమా, మనుషుల బతుకు ముఖ్యమా అని మనల్ని రెండు పక్షాలుగా చీల్చే వాదనకు లొంగవద్దు. తాగే నీరూ, చేపా రెండూ పోగొట్టుకున్న స్త్రీకి ఆ రెండూ ఒకటే. ఇకమీదట కొల్లేటి పేరుతో వచ్చే ఏ ప్రాజెక్టులోనైనా ఈ హక్కులు రాసి వున్నాయో లేదో చూడండి. లేకపోతే మన సంస్థలు దాని మీద సంతకం పెట్టకూడదు.