విద్యార్థి కలము – యాజమాన్యపు కత్తెర

మతసంస్థలు నడిపే కళాశాలలలో విద్యార్థి తన భావాలను కథగానో, కవితగానో, నాటకంగానో, చిత్రంగానో వెల్లడించినప్పుడు, అది సంస్థ విశ్వాసాలకు విరుద్ధంగా ఉన్నదని పెద్దలు భావిస్తే ఏమి చేయాలి? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ప్రతి వార్షిక సంచిక సిద్ధమయ్యే రోజులలో ఏదో ఒక మూల ఇది తలెత్తుతూనే ఉంటుంది. అయితే మన ఇంటి తగవు గురించి మనమే మాట్లాడుకుంటే ఆవేశం పెరుగుతుంది, ఆలోచన తరుగుతుంది. కావున ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న అమెరికా దేశపు రెండు క్రైస్తవ విద్యాసంస్థల అనుభవాన్ని మొదట పరిశీలించి, ఆ తర్వాత మన విషయానికి రావడం మంచిదని మేము తలచినాము.

ముందుగా చట్టం సంగతి. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ భావప్రకటన స్వేచ్ఛను కాపాడుతుందని అందరికీ తెలుసు. కాని అది ప్రభుత్వం చేతులను మాత్రమే కట్టివేస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయ యాజమాన్యానికి అది వర్తించదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విషయంలో కూడా, పాఠశాల నిర్వహించే పత్రిక నుండి పుటలు తొలగించే అధికారం, విద్యాపరమైన సహేతుక కారణం ఉంటే ప్రధానోపాధ్యాయునికి కలదని 1988లో హేజిల్‌వుడ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థి తన రచనను ఆపివేసినారని కోర్టుకు పోయి గెలిచే అవకాశం చాలా తక్కువ. అధికారం యాజమాన్యానిదే. ఈ అధికారాన్ని మేము ప్రశ్నించడం లేదు. ఒక సమాజం తన విశ్వాసాన్ని తన పిల్లలకు అందించాలని రూపాయి రూపాయి కూడబెట్టి కళాశాల కట్టుకున్నప్పుడు, ఆ కళాశాలకు ఒక స్వరూపం ఉండాలని కోరడం న్యాయమే. ఆ అధికారాన్ని వినియోగించే పద్ధతి ఎట్లుండాలన్నదే మా విచారణ.

వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ పట్టణంలో లిబర్టీ విశ్వవిద్యాలయం ఉన్నది. బాప్టిస్టు బోధకుడు జెర్రీ ఫాల్వెల్ దీనిని 1971లో స్థాపించినాడు. ఆయన 2007లో మరణించిన తరువాత అదే పేరు గల ఆయన కుమారుడు అధ్యక్షుడైనాడు. ఈ రెండవ ఫాల్వెల్ 2016 జనవరిలో డొనాల్డ్ ట్రంప్ అభ్యర్థిత్వాన్ని బహిరంగంగా బలపరచినాడు. ఆ సంవత్సరం అక్టోబరులో, స్త్రీలను గురించి ట్రంప్ పూర్వం పలికిన అసభ్యపు మాటల రికార్డు బయటపడినది. అవి ఆటగాండ్రు దుస్తులు మార్చుకునే గదులలో సాగే మామూలు మాటలేనని ఆయన పక్షం వారు సమర్థించినారు. విశ్వవిద్యాలయపు విద్యార్థి పత్రిక 'ఛాంపియన్'లో క్రీడావిభాగం చూసే విద్యార్థి ఆ సమర్థనను ఖండిస్తూ ఒక వ్యాసం వ్రాసినాడు. అధ్యక్షుడు ఆ వ్యాసాన్ని ఆపివేయించినాడు.

ఆ తర్వాత జరిగినది మన సంఘ సభ్యులు గమనించదగినది. ఆ విద్యార్థి తన వ్యాసాన్ని తానే బయట ప్రకటించుకున్నాడు. దేశంలోని పెద్ద పత్రికలన్నీ ఆ వార్తను ప్రచురించినాయి. కళాశాల ఆవరణ దాటని ఒక చిన్న వ్యాసం, ఆపివేసినందువలన దేశమంతటా చర్చనీయమైనది. 2019లో అదే పత్రిక మాజీ సంపాదకుడొకడు, ముద్రణకు పూర్వం వ్యాసాలను పైవారు ఎట్లు పరిశీలించి మార్పించేవారో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వివరంగా వ్రాసినాడు. మూసిన తలుపు వెనుక జరిగిన పనికి వచ్చిన అపఖ్యాతి, ఆ వ్యాసాలను అచ్చువేసి ఉంటే వచ్చి ఉండేది కాదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఆ క్రీడా విద్యార్థి వ్యాసంలో క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమైనది ఏమీ లేదు. స్త్రీల గౌరవాన్ని కాపాడాలన్నది ఆ విశ్వవిద్యాలయమే బోధించే నీతి. అడ్డు వచ్చినది మతం కాదు, అధ్యక్షుని రాజకీయం. మతం పేరున ఇచ్చిన అధికారం మతానికి సంబంధం లేని పనికి ఎంత సులభంగా జారిపోతుందో ఇందువలన తెలుస్తుంది.

అదే విశ్వవిద్యాలయంలో 2018లో మరొక వివాదం పుట్టినది. ట్రంప్ అధ్యక్షుడు కాగలడని తనకు దైవసూచన కలిగినదని చెప్పిన ఒక విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి కథ ఆధారంగా 'ది ట్రంప్ ప్రాఫెసీ' అనే చలనచిత్రం తయారైనది. లిబర్టీలోని చలనచిత్ర విభాగపు విద్యార్థులు తమ చదువులో భాగంగా ఆ చిత్రానికి పనిచేయవలసి వచ్చినది. వారిలో కొందరు అభ్యంతరం తెలుపుతూ విజ్ఞాపన పత్రం సిద్ధం చేసినారు. తాము నమ్మని సందేశంపై తమ పేరు పడుతుందని, అది తమ భవిష్యత్తుకు మచ్చ అవుతుందని వారి బాధ. చిత్రం అదే సంవత్సరం అక్టోబరులో విడుదలైనది.

భావప్రకటన స్వేచ్ఛ అనగానే మనం నోరు నొక్కడం గురించి మాత్రమే ఆలోచిస్తాము. తన నోట తనకు ఇష్టం లేని మాట పలికించడం కూడా అంతే బరువైన విషయం. వ్రాసిన కవితను చించివేస్తే విద్యార్థికి దుఃఖం కలుగుతుంది. వ్రాయని స్తోత్రాన్ని అతని పేరున వ్రాయిస్తే అతడు అబద్ధమాడడం నేర్చుకుంటాడు. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో పెద్దలే ఆలోచించవలె.

ఇక రెండవ సంస్థ. మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్ నగరంలో 1876లో ప్రారంభమైన కాల్విన్ కళాశాల, 2019లో విశ్వవిద్యాలయమైనది. ఇది క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చికి చెందినది. డచ్చి వలసదారుల సంతతివారైన ఆ చర్చి సభ్యులు ఆచారంలో చాలా కట్టుదిట్టమైనవారు. 1928లో చర్చి మహాసభ నాటకశాలలకు పోవడాన్ని, నాట్యాన్ని, పేకాటను లోకవ్యామోహాలుగా ఎంచి, సభ్యులు వాటికి దూరంగా ఉండాలని హెచ్చరించినది. సినిమా కూడా ఆ నిషేధంలోనే చేరినది. దాదాపు నలభై సంవత్సరాలు ఆ కట్టుబాటు నడచినది. 1966లో అదే మహాసభ చలనచిత్ర కళపై ఒక నివేదికను స్వీకరించి, సినిమా కూడా ఒక కళయేనని, క్రైస్తవుడు దానిని వివేకంతో పరిశీలించవలెనని అంగీకరించినది.

ఆ మార్పు జరుగుతున్న రోజులలోనే పాల్ ష్రేడర్ అనే యువకుడు కాల్విన్‌లో చదువుకున్నాడు. పదిహేడేండ్ల ప్రాయం వరకు అతడు సినిమా అనేది చూసి ఎరుగడు. అటువంటివాడు కళాశాల విద్యార్థి పత్రిక 'చైమ్స్'లో సినిమాలపై సమీక్షలు వ్రాసినాడు. 1968లో పట్టభద్రుడైనాడు. 1976లో వచ్చిన 'టాక్సీ డ్రైవర్' చిత్రానికి రచన చేసినది ఇతడే. 2017లో ఇతడు తీసిన 'ఫస్ట్ రిఫార్మ్‌డ్' చిత్రానికి కథానాయకుడు ఒక చిన్న చర్చి బోధకుడు. ప్రార్థన, పాపభీతి, నిరాశ, విశ్వాసం ఆ చిత్రానికి వస్తువులు. ఇంటిలో, కళాశాలలో నేర్చిన మతచింతన యాభై సంవత్సరాల తరువాత కూడా అతనిని విడువలేదు. ఆ రచనలన్నీ అతని పెద్దలకు నచ్చి ఉంటాయని మేము చెప్పము. కాని తన సమాజపు లోతైన ప్రశ్నలను ప్రపంచం ముందు ఉంచగలిగినవాడు, ఆ సమాజం ఒకనాడు నిషేధించిన కళలోనే పుట్టినాడు.

కాల్విన్‌లో అన్నీ సాఫీగా జరిగినవని కాదు. 1970లో చైమ్స్ విద్యార్థులు చర్చి అధికార వారపత్రిక 'ది బ్యానర్'ను అనుకరిస్తూ 'ది బనానర్' అనే వెక్కిరింపు సంచిక తీసినారు. చర్చి కుటుంబాలలో పెద్ద దుమారం లేచినది. అయినా చైమ్స్ బ్రతికినది, కళాశాల బ్రతికినది, చర్చి బ్రతికినది. 2010లో ఒక కెనడా సంగీత బృందాన్ని కచేరీకి పిలిచి, ఆ బృందం పేరులో అశ్లీలార్థమిచ్చే పదం ఉన్నందున కళాశాల దానిని రద్దు చేసినది. ఆ పేరు వ్యంగ్యంగా పెట్టుకున్నదని తమకు తెలిసినా, అందరికీ విడమరచి చెప్పడం సాధ్యం కాలేదని యాజమాన్యం బహిరంగంగా ప్రకటించినది. ఆ నిర్ణయం పిరికితనమని ఎందరో నవ్వినారు. మాకు మాత్రం అందులో ఒక సుగుణం కనిపించినది. నిర్ణయం తీసుకున్నవారు తమ పేరున, తమ కారణంతో, వెలుగులో నిలబడినారు. అటువంటి నిర్ణయాన్ని విమర్శించవచ్చు, మరుసటి సంవత్సరం మార్పించవచ్చు. చీకటిలో జరిగినదానిని ఎవరు మార్పించగలరు?

మన తెలుగునాట కూడా ఇందుకు దృష్టాంతం కలదు. గుఱ్ఱం జాషువా గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేసినారు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ వస్తువులతో కావ్యాలు వ్రాసినాడని స్వమతస్థులే కొందరు ఆయనను ఆక్షేపించి దూరం పెట్టినారు. మరొకవైపు అగ్రకులాల వారు అంటరానివాడని అవమానించినారు. 1932లో ఆయన వ్రాసిన 'పిరదౌసి' గజనీ సుల్తాను వలన వంచితుడైన పారసీక మహాకవి కథ. కవికి మాట ఇచ్చి తప్పిన ప్రభువు నిందను ఒక క్రైస్తవకవి తెలుగు పద్యంలో పలికితే, దానిని మన ముస్లిం గృహాలలోనూ అభిమానంతో చదువుకున్నారు. అదే జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. దూరం పెట్టినవారి ప్రభువు కథను దూరమైనవాడే కావ్యంగా చెప్పినాడు. మతసమాజాలు తమలోని కవిని తొందరపడి వెళ్ళగొట్టరాదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు మన విషయం. మన రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చినది. ఈ హక్కు మనకు ప్రాణప్రదం. కాని 1958లో కేరళ విద్యాబిల్లుపై అభిప్రాయం చెబుతూ సుప్రీంకోర్టు, నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు చేరి లేదని స్పష్టం చేసినది. 1986లో మరొక కేసు వచ్చినది. జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడినా, తమ మతవిశ్వాసం వలన గొంతు కలపని ముగ్గురు పిల్లలను కేరళలో బడి నుండి తొలగించగా, సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని ఆదేశించినది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి మన తెలుగువాడైన ఓ. చిన్నపరెడ్డి. పలికించరాని మాటను పలికించరాదన్న సూత్రం అల్పసంఖ్యాకుల పిల్లల కోసమే మన దేశంలో స్థిరపడినది. ఆ నీడను అనుభవించే మనం, అదే నీడను మన విద్యార్థికి ఇవ్వకపోతే ఎట్లా?

కళాశాల సంఘం వారికి మేము సవినయంగా నాలుగు విన్నపాలు చేస్తున్నాము. మొదటిది, ఏది అచ్చువేయబడదో విద్యాసంవత్సరం ఆరంభంలోనే ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ప్రకటన బల్లపై ఉంచవలె. ఒకరి మతాన్ని దూషించడం, ఒక వ్యక్తిపై అపనింద వేయడం, అశ్లీలం – ఇవి కూడవంటే ఏ విద్యార్థీ కాదనడు. రెండవది, ఒక రచనను ఆపినప్పుడు ఆ కారణం నాలుగు పంక్తులలో వ్రాసి, సంతకం చేసి, రచయిత చేతికి ఇవ్వవలె. సంతకం చేయడానికి వెనుకాడే కారణం, బహుశా కారణమే కాదు. మూడవది, విద్యార్థి అంగీకారం లేక అతని రచనలో ఒక్క వాక్యమైనా మార్చరాదు. ఆపివేయడం కఠినమైనా నిజాయితీ గల పని. మార్చి అతని పేరునే అచ్చువేయడం అటువంటిది కాదు. నాలుగవది, యాజమాన్యాన్ని పొగడుతూ వ్యాసాలు, స్వాగత పద్యాలు విద్యార్థులచేత నిర్బంధంగా వ్రాయించే ఆచారం మానవలె. కృతజ్ఞత గల పిల్లవాడు అడగకుండానే వ్రాస్తాడు.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీ సంచికకు కాగితం కొన్నది మీ తల్లిదండ్రుల వంటివారి విరాళాలతో. కుట్టుమిషను త్రొక్కి, బండి తోలి ఇచ్చిన డబ్బు అందులో ఉన్నది. వారి మనస్సు నొప్పించకుండా వ్రాయడం సాధ్యం కాకపోవచ్చు, కాని అకారణంగా నొప్పించడం శౌర్యం కాదు. ఎవరినో ఉలికిపడజేయాలని వ్రాసినది ఒక దినం నిలుస్తుంది. చూసినది చూసినట్లు, బాధపడినది బాధపడినట్లు వ్రాసినదానికే నిలిచే శక్తి ఉంటుంది. అటువంటిది మీరు వ్రాసినప్పుడు, దానికోసం సంఘం ముందు నిలబడి వాదించడం మా వంటి అధ్యాపకుల ధర్మం.

ఈ సంవత్సరపు సంచిక పని ముగింపుకు వచ్చినది. రాబోయే సంచికకు రచనలు కోరుతూ ప్రకటన వెలువడే నాటికి, పైన చెప్పిన నియమాలు కూడా దాని ప్రక్కనే అంటించబడి ఉండాలని మా కోరిక. సంఘం తదుపరి సమావేశంలోనే ఈ విన్నపాన్ని చర్చకు తీసుకొనవలసినదిగా ప్రార్థిస్తున్నాము.